పోషక మాత్రలు – వాని వేళలు

ఆహారమునకు వేళ యున్నట్లే మందునకును వేళ కలదని మన పెద్దలు ఎరుగుదురు. పరగడుపున పుచ్చుకొనవలసినవి, భోజనముతో పుచ్చుకొనవలసినవి, నిదురబోవుటకు ముందు పుచ్చుకొనవలసినవి అని ఆయుర్వేద వైద్యులు ఔషధములను వేళలనుబట్టి వేరుచేసిరి. ఈ కాలమున పల్లె పల్లెకు చేరిన ఇనుప మాత్రలకు, కాల్షియం మాత్రలకు, విటమిను గుళికలకు కూడ ఇట్టి వేళలు కలవా? కలవన్నచో వానికి కారణమేమి? మాత్రను మ్రింగినంతనే అందులోని పోషకము రక్తములో చేరునా? శరీరశాస్త్రము ఈ ప్రశ్నలకు ఇచ్చు సమాధానములు తెలిసికొనదగినవి. ఏలనన, అవి తెలియకపోవుటచే ఎన్నియో మాత్రలు కడుపులో పడియు వ్యర్థమగుచున్నవి.

మూడు దినచర్యలు

తూర్పు కనుమల పాదమున, వేగావతీ నది యొడ్డున నున్న పట్టణము సాలూరు. 2022 ఏప్రిల్ వరకు ఇది విజయనగరము జిల్లాలో ఉండెను. ఇప్పుడు పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. విజయనగరమునుండి రాయపూరునకు పోవు రహదారి ఈ పట్టణమును దాటి, ఘాటు ఎక్కి, సుంకి మీదుగా ఒడిశాలో ప్రవేశించును. ఆ రహదారి మూలముననే సాలూరు లారీల వ్యాపారమునకు పేరుపొందినది. చుట్టుపట్ల కొండలలో కొండదొరలు, జాతాపులు, గదబలు, సవరలు నివసింతురు.

ఈ ప్రాంతమున ముగ్గురి దినచర్యను ఊహించి చూడవచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థిని ఉదయము తేనీరు త్రాగి బడికి పోవును. మధ్యాహ్నము బడిలోనే భుజించును. వారమునకొకసారి ఉపాధ్యాయుల యెదుట నీలిరంగు మాత్ర మ్రింగును. కొండమీది గ్రామమున గర్భిణి ప్రొద్దుటనే చోడి అంబలి త్రాగి పనిలోనికి దిగును; ఆమె యింట ఎఱ్ఱని ఇనుప మాత్రలును, కాల్షియం మాత్రలును ఉండును. లారీ నడుపువాడు రాత్రియంతయు మేలుకొని, నిదుర రాకుండుటకై దారిపొడుగున తేనీరు త్రాగుచు, పగలు నిద్రించును. అతడు బలమునకని మందుల దుకాణములో విటమిను గుళికలు కొనును. ఈ ముగ్గురికిని ఒకే వేళాపట్టిక సరిపడదు. కాని మూడు పట్టికలకును ఆధారమైన సూత్రములు ఒక్కటే.

ఇది చిన్న విషయము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులు. రక్తహీనత గల బాలిక త్వరగా అలసిపోవును. పాఠముపై మనస్సు నిలుపలేదు. రక్తహీనత గల తల్లి ప్రసవ సమయమున జరుగు రక్తస్రావమునకు తట్టుకొనలేక ప్రాణాపాయమునకు లోనగును. ఇనుము చాలకపోవుట, కొంకిపురుగులు రక్తము పీల్చుట, మలేరియా, వంశానుగతముగా వచ్చు రక్తవ్యాధులు – ఇవి దీనికి ముఖ్య కారణములు.

మాత్రలో ఏమున్నది?

కేంద్రప్రభుత్వము 2018లో ప్రారంభించిన ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమమున వయసునుబట్టి మాత్రలు నిర్ణయించిరి. 5 నుండి 9 ఏండ్ల పిల్లలకు గులాబిరంగు మాత్ర వారమునకొకటి. అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. 10 నుండి 19 ఏండ్ల వారికి నీలిరంగు మాత్ర వారమునకొకటి. ఇందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. గర్భిణులకు నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు, ప్రసవానంతరము మరల 180 దినములు ఎఱ్ఱ మాత్ర నియమింపబడినది. దీనిలోని పాళ్లు నీలిమాత్ర పాళ్లే.

ఇందలి ఫోలిక్ ఆమ్లమునకు తెలుగువారితో సంబంధము కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అచటి గర్భిణులలో కానవచ్చు ఒక విధమగు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకారి ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినది. ఆ పదార్థమే నేడు సాలూరు బడిపిల్ల మ్రింగు నీలిమాత్రలో ఉన్నది.

అన్నభేది, కరక్కాయ

ఇనుప మాత్రలలో సామాన్యముగా వాడునది ఫెర్రస్ సల్ఫేటు. తెలుగున దీనిని అన్నభేది అందురు. పూర్వము కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లని సిరా తయారుచేసెడివారు. కరక్కాయలో టానినులను వగరు పదార్థములు కలవు. అవి ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనముగా మారును. అదియే సిరా.

తేనీటి వగరునకును టానినుల జాతి పదార్థములే కారణము. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ప్రయోగశాలలోని ఫెర్రస్ సల్ఫేటును కొంచెము నీటిలో కరగించి, పాలు కలుపని చల్లారిన తేయాకు డికాక్షనులో పోయవలెను. డికాక్షను నల్లబడును. పిమ్మట అందులో నిమ్మరసము పిండినచో ఆ నలుపు తగ్గును. తేనీటితో ఇనుప మాత్ర మ్రింగినవారి కడుపులోను ఇంచుమించు ఇట్టిదే జరుగును. టానినుతో బంధింపబడిన ఇనుమును ప్రేవుల గోడలు పీల్చుకొనజాలవు. అది మలముతో పోవును. (ఈ ప్రయోగమున వాడిన ద్రవమును పారబోయవలెనే కాని రుచి చూడరాదు.)

టానినులు మాత్రమే కాదు. తవుడు, పప్పులు, చోళ్లు, గింజధాన్యములలో నుండు ఫైటిక్ ఆమ్లము కూడ ఇనుమును బంధించును. కాఫీయు అట్లే చేయును. దీనికి విరుగుడు సి విటమిను. అది ఇనుమును సులభముగా పీల్చుకొనదగిన రూపమున నిలుపును. కావున ఇనుప మాత్రను నిమ్మకాయ నీళ్లతోనో, జామపండుతోనో, ఉసిరికాయతోనో పుచ్చుకొనుట మేలు. తేనీరు, కాఫీలకు మాత్రకు ముందు ఒక గంట, తరువాత రెండు గంటలు ఎడముండవలెను.

పరగడుపా, భోజనానంతరమా?

ఇనుము పీల్చుకొనబడునది చిన్నప్రేవు మొదటి భాగమున. అచటికి చేరులోగా అది కరగియుండుటకు జీర్ణాశయములోని ఆమ్లము తోడ్పడును. కడుపు ఖాళీగా ఉన్నపుడు బంధించు పదార్థములు లేవు కావున ఇనుము ఎక్కువగా పీల్చుకొనబడును. అట్లయినచో ఉత్తమమైన వేళ పరగడుపే కావలెను. కాని బడులలో మాత్రను మధ్యాహ్న భోజనానంతరము ఇచ్చుచున్నారు. ఇది శాస్త్రవిరుద్ధమా?

కాదు. ఖాళీ కడుపున ఇనుము కొందరికి వికారము, కడుపునొప్పి, వాంతి కలిగించును. ఒక బాలికకు వాంతియైనచో మరునాటి వారమున తరగతి యంతయు భయపడి మాత్రను చేతిలో దాచి కిటికీనుండి పారవేయును. పీల్చుకొనుటలో కొంత తగ్గినను మ్రింగబడిన మాత్ర మేలు. మ్రింగని మాత్రనుండి రక్తములో చేరునది సున్న. ప్రయోగశాలలో ఉత్తమమైన వేళయు, నూర్గురు పిల్లలున్న బడిలో ఉత్తమమైన వేళయు ఒకటే కానక్కరలేదు. ఇంటివద్ద వేసికొనువారు మాత్రము భోజనమునకు రెండు గంటల తరువాత వేసికొనిన రెండు లాభములును కొంతవరకు దక్కును. మాత్ర వేసికొనువారికి మలము నల్లగా అగును. అది మిగిలిన ఇనుము రంగు. దానికి భయపడ నక్కరలేదు.

వారమునకొక్క మాత్ర చాలునా అని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి సమాధానము మన కాలేయములో ఉన్నది. కాలేయము హెప్సిడిన్ అను హార్మోనును పుట్టించునని 2000వ సంవత్సర ప్రాంతమున కనుగొనిరి. ఇది ప్రేవులకు ద్వారపాలకుని వంటిది. శరీరమున ఇనుము చేరగానే హెప్సిడిన్ పెరిగి, ఇక చాలునని ద్వారము మూయును. జ్యూరిచ్‌లోని శాస్త్రజ్ఞులు 2015, 2017 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలలో ఇనుము నిలువలు తక్కువగా నున్న స్త్రీలు 60 మిల్లీగ్రాములు పుచ్చుకొనగా హెప్సిడిన్ ఒక దినము పాటు హెచ్చుగా ఉండి, మరునాటి మాత్రలోని ఇనుము తక్కువగా పీల్చుకొనబడినది. దినము విడిచి దినము ఇచ్చినపుడు ప్రతి మాత్రనుండి పీల్చుకొనబడు వంతు హెచ్చినది. ఉదయము ఒకటి, సాయంకాలము ఒకటిగా పంచుటవలన లాభము కానరాలేదు. హెప్సిడిన్ సహజముగానే ఉదయమున తక్కువగా ఉండి ప్రొద్దెక్కినకొలది హెచ్చును. అందువలన ఇనుమునకు తొలిపూట అనుకూలము.

అయినను ఈ ఫలితములనుబట్టి గర్భిణులు తమంతట తాము దినమాత్రను మానరాదు. గర్భిణి అవసరము పెద్దది, గడువు చిన్నది. మార్పు చేయదగునా లేదా అను నిర్ణయము వైద్యునిదే.

ఇనుము – కాల్షియం

మనదేశమున 2014లో వెలువడిన ప్రభుత్వ నియమావళి ప్రకారము గర్భిణులు 14వ వారము మొదలు ప్రసవానంతరము ఆరు నెలల వరకు దినమునకు రెండు కాల్షియం మాత్రలు పుచ్చుకొనవలెను. ఒక్కొక్క దానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి విటమిను ఉండును. రెండింటిని ఒకేసారి ఎందుకు మ్రింగరాదు? ప్రేవులు ఒక్కమారు పీల్చుకొనగల కాల్షియమునకు మేర కలదు. సుమారు 500 మిల్లీగ్రాములకు మించినకొలది పీల్చుకొనబడు వంతు తగ్గిపోవును. అందుచే రెండు పూటలకు పంచిరి. మాత్రలలో సాధారణముగా నుండు కాల్షియం కార్బొనేటు కరగుటకు ఆమ్లము కావలెను. భోజన సమయమున జీర్ణాశయమున ఆమ్లము బాగుగా ఊరును. కావున కాల్షియం భోజనముతో పుచ్చుకొనవలెను.

కాని కాల్షియం ఇనుమునకు అడ్డుపడును. రెండును కలిసి మ్రింగినచో ఇనుము నష్టపడును. ‘మాత్రలన్నియు ఒక్కసారే వేసికొందును, మరల మరచిపోదును’ అను గర్భిణి మాట న్యాయముగానే తోచును. కాని ఆ సౌకర్యమునకు మూల్యము ఇనుమే.

కొండమీది గర్భిణికి అనువైన పట్టిక ఇట్లుండవచ్చును. ప్రొద్దుటి ఆహారముతో మొదటి కాల్షియం మాత్ర. మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు ఇనుప మాత్ర, జామపండుతోనో నిమ్మకాయ నీళ్లతోనో. సాయంకాలపు తేనీరు ఆ తరువాత రెండు గంటలకు. రాత్రి భోజనముతో రెండవ కాల్షియం మాత్ర. పగటిపూట ఇనుము వికారము కలిగించినచో, దానిని రాత్రి భోజనమునకు రెండు గంటల పిమ్మట, నిదురబోవు ముందు వేసికొనవచ్చును. గడియారము లేకున్నను ఈ పట్టిక నడచును. మూడు పూటల తిండియే దానికి గుర్తు.

చోడి అంబలి సంగతి కూడ చెప్పదగినది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కలదు. వరిబియ్యమున పదింట ఒకవంతు కూడ లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ బడులలో రాగిజావను ప్రవేశపెట్టుటకు ఇదియొక కారణము. పిండిని పులియబెట్టుటచేతను, గింజలను మొలకెత్తించుటచేతను ఫైటిక్ ఆమ్లము కొంత తగ్గును. అంబలిని పులియనిచ్చు మన అలవాటు ఈ దృష్టిలో తెలివైనదే. అయినను అంబలితో ఇనుప మాత్ర మ్రింగుట తగదు. అంబలి ఆహారముగా మేలు; మాత్రకు తోడుగా కాదు.

క్రొవ్వు తోడు కోరు విటమినులు

విటమినులలో ఎ, డి, ఇ, కె అను నాలుగును క్రొవ్వులో కరగునవి. భోజనములో నూనె, నెయ్యి, పాలమీగడ, గుడ్డు వంటివి ఉన్నపుడు పైత్యరసము ఊరి, ఆ క్రొవ్వుతోపాటు ఈ విటమినులను ప్రేవులలోనికి చేర్చును. పరగడుపున మంచినీళ్లతో డి విటమిను గుళిక మ్రింగువాడు అందులో కొంత నష్టపోవును. దినములో పెద్ద భోజనమేదో దానితో పుచ్చుకొనుట మేలు. అది పగలైనను రాత్రియైనను ఒక్కటే.

ఈ నాలుగును శరీరమున, ముఖ్యముగా కాలేయమునను క్రొవ్వునను, నిలువయుండగలవు. అందుచే కొన్నిటిని దినదినము ఈయనక్కర లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారముతో 1970లో మనదేశమున పిల్లలకు ఆరు నెలలకొకసారి ఎ విటమిను పెద్దమోతాదున ఇచ్చు పద్ధతి ఆరంభమైనది. పిల్లల చూపు పోకుండ కాపాడుటయే దాని ఉద్దేశము. ఆ సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనా విభాగముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో ఈ పేరు పొందినది.

నిలువయుండు గుణము మేలే కాదు, అపాయము కూడ. 60,000 యూనిట్ల డి విటమిను గుళికను వైద్యులు వారమునకొకటి చొప్పున కొన్ని వారములు వ్రాయుదురు. దానిని దినమునకొకటిగా పొరబడి వాడినచో రక్తమున కాల్షియం మితిమీరి, వాంతులు కలిగి, మూత్రపిండములు చెడును. ఇచట వేళకంటె వారమే ముఖ్యము.

వేళ పట్టింపు లేనివి

బి వర్గపు విటమినులును, సి విటమినును నీటిలో కరగునవి. వీనిలో పెక్కింటి అధికభాగము మూత్రముతో పోవును. బి మాత్రలు మ్రింగినవారి మూత్రము పచ్చబడుటకు రైబోఫ్లేవిన్ కారణము. అది వ్యాధి కాదు. వీనిని ఏ వేళనైనను పుచ్చుకొనవచ్చును. కడుపులో వికారము కలుగువారు భోజనముతో పుచ్చుకొందురు. ఫోలిక్ ఆమ్లమునకును ఇదే నియమము. బి12 విటమినును మోసికొనిపోవుటకు జీర్ణాశయము ఒక ప్రత్యేక మాంసకృత్తును ఇచ్చును. ఒక్కమారు దానిద్వారా చేరగలిగినది రెండు మైక్రోగ్రాములలోపే. కావున మాత్రపై వ్రాసిన పెద్ద సంఖ్య అంతయు రక్తములో చేరినదని తలపరాదు.

అన్నిటికంటె సులభమైనది అయొడీను. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు, సహచరులతో కలిసి, 1956 మొదలు హిమాచల ప్రాంతమునందలి కాంగ్రా లోయలో అయొడీను కలిపిన ఉప్పుచే గాయిటరు తగ్గునని నిరూపించిరి. ఉప్పు ప్రతిపూటయు కూరలోనికి వచ్చును. గుర్తుంచుకొనవలసిన వేళ లేదు, మరచిపోవు భయము లేదు.

రాత్రి మేలుకొనువారు

లారీ నడుపువానికి రాత్రి పగలు, పగలు రాత్రి. అతనికి ‘ఉదయము వేసికొనవలెను’ అను మాట అర్థము లేనిది. అతడు గడియారమును విడిచి భోజనమును పట్టుకొనవలెను. డి విటమినైనను కాల్షియమైనను పెద్ద భోజనముతో పుచ్చుకొనిన చాలును, అది అర్ధరాత్రి దారిప్రక్క హోటలులో తిన్నదైనను సరే. ఇక బలపు మాత్రలు నిదురలేమిని తీర్పజాలవు. ఏ విటమినును ఘాటు మలుపులో కన్ను మూతపడకుండ ఆపదు. దానికి మందు నిదురయే. రక్తపరీక్ష లేకుండ పురుషులు ఇనుము వాడుటయు తగదు. స్త్రీలవలె వారికి నెలనెలా రక్తనష్టము లేదు కావున, అవసరము లేని ఇనుము శరీరమున పేరుకొనును.

మాత్రకు ఎడమీయవలసిన సందర్భములు

సాలూరు కొండ ప్రాంతమువంటి గిరిజన ప్రాంతములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి కలదు. దీని నిర్మూలనకై 2023 జులైలో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఈ వ్యాధిగలవారి ఎఱ్ఱకణములు త్వరగా నశించును. క్రొత్త కణముల నిర్మాణమునకు ఫోలిక్ ఆమ్లము అవసరమగును. కాని ఇనుము సంగతి వేరు. మాటిమాటికి రక్తము ఎక్కించుకొనువారి శరీరమున ఇనుము ముందే మితిమీరియుండును. ఇట్టి విద్యార్థులు తరగతిలో ఉన్నచో వైద్యుని సలహా లేనిదే ఇనుప మాత్ర ఈయరాదు. పాలిపోయిన ముఖము చూచి ఇనుము చాలదని నిర్ణయించుట పొరపాటు, రక్తపరీక్షయే నిర్ణయము.

జ్వరము, విరేచనములు తీవ్రముగా ఉన్న దినములలో మాత్రను ఆపి, కోలుకొనిన పిదప మరల ఆరంభింపవలెను. థైరాయిడ్ మాత్ర వాడువారు దానిని ఉదయము పరగడుపున వేసికొని, ఇనుము, కాల్షియంలకు నాలుగు గంటల ఎడమీయవలెను. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులును ఈ లోహములతో కలిసి నిర్వీర్యమగును. ఎడమెంతయో వైద్యుని అడుగవలెను. ఒకనాడు మాత్ర మరచినచో మరునాడు రెండు వేసికొనరాదు. చక్కెర పూతగల ఎఱ్ఱ మాత్రలను చిన్న పిల్లలు మిఠాయిలనుకొని తిన్నచో ప్రాణాపాయము కలుగును. వానిని పిల్లల చేతికందని చోట ఉంచవలెను. సంవత్సరమునకు రెండుసార్లు బడిలో ఇచ్చు ఆల్బెండజోల్ మాత్రను కూడ మరువరాదు. కొంకిపురుగు రక్తము పీల్చుచుండగా ఎంత ఇనుము ఇచ్చినను అది చిల్లికుండలో పోసిన నీరే.

ఇంతవరకు చెప్పినది మూడు మాటలలో ఇముడును. ఇనుమునకు పులుపు తోడు, తేనీరు శత్రువు. కాల్షియమునకు భోజనము తోడు, ఇనుముతో ఎడము. క్రొవ్వులో కరగు విటమినులకు నెయ్యి తోడు, మితము రక్ష. మిగిలినవానికి అలవాటైన వేళయే మంచి వేళ. ఒక విద్యార్థిని ఈ మూడు మాటలు నేర్చుకొని యింటికి పోయి, తల్లి చేతిలోని ఎఱ్ఱ మాత్రను తేనీటి గ్లాసునుండి రెండు గంటలు వేరుచేయగలిగినచో, ఒక్క పైస ఖర్చు లేకుండ ఆ మాత్ర విలువ హెచ్చును.